మూన తిరిగే దాకా: హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత తల మామూలయ్యేదెప్పుడు?

ఆపరేషన్ అయిన పదకొండో రోజో పన్నెండో రోజో స్నానాల గదిలో ఒక గండం ఎదురవుతుంది. షాంపూ నురగ తలకు పట్టించి, పది నిమిషాలు నానబెట్టి, వేళ్ల కొసలతో మెల్లగా రుద్దుతుంటే పక్కులు ఒక్కొక్కటే ఊడి అరచేతిలోకి వస్తాయి. వాటిలో ఒకదాన్ని వెలుతురులో పెట్టి చూస్తే గోధుమరంగు పక్కు, దాంట్లోంచి పొడుచుకొచ్చిన పొట్టి వెంట్రుక, ఆ వెంట్రుక చివర సూదిమొన అంత తెల్లటి బుడిపె కనిపిస్తాయి. గుండె ఝల్లుమంటుంది. వేరుతో సహా ఊడిపోయిందని, పెట్టిన డబ్బంతా నీళ్లపాలైందని అనుకుంటారు. ఆ రాత్రే డాక్టరు వాట్సాప్‌కు పది ఫోటోలు వెళ్తాయి.

ఊడింది వెంట్రుక మాత్రమే. దాన్ని పుట్టించే కుదురు చర్మం లోపల నాలుగైదు మిల్లీమీటర్ల లోతున అలాగే ఉంది. ఆ తెల్లటి బుడిపె వెంట్రుక అడుగుభాగం, అంతే. రోజూ దువ్వెనకు అంటుకుని వచ్చే వెంట్రుకల్ని పట్టి చూసినా వాటి చివర అదే కనిపిస్తుంది. నిజంగా గ్రాఫ్టే, అంటే నాటిన కుదురే, ఊడివస్తే మెత్తటి కండ పలుకులాంటిది చేతికి తగులుతుంది, వచ్చిన చోట రక్తం చిమ్ముతుంది. రక్తం రాలేదంటే కుదురు పోలేదన్నట్టే. ఈ చిన్న తేడాను ఆపరేషన్ ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెబితే చాలామందికి నెలల తరబడి నిద్ర చెడేది కాదు.

ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత తల రెండుసార్లు కోలుకుంటుంది. మొదట చర్మం కోలుకుంటుంది. దానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. తర్వాత జుట్టు కోలుకుంటుంది. దానికి ఏడాది, నడినెత్తి మీదైతే ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఈ రెండింటి మధ్య, ఆపరేషన్‌కు ముందున్న దానికన్నా కూడా తల పలచగా కనిపించే కాలం ఒకటి వస్తుంది. హోర్డింగుల మీద 'ముందు' ఫోటో ఉంటుంది, 'తర్వాత' ఫోటో ఉంటుంది. రెండో నెల ఫోటో ఎక్కడా ఉండదు. టెన్షన్ అంతా పుట్టేది ఆ కనిపించని ఫోటో దగ్గరే.

వరి నాట్లు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నారుమడిలో పచ్చగా నిగనిగలాడిన మొక్కను పీకి, దమ్ము చేసిన మడిలో నాటగానే అది వాడిపోతుంది. ఆకులు పసుపెక్కుతాయి. వారం పది రోజులు పొలం వైపు చూస్తే దిగులేస్తుంది. లోపల కొత్త వేరు పట్టాక మూన తిరిగి మళ్లీ పచ్చబడుతుంది. ఆ వారం పది రోజుల్లో ఏ రైతూ మొక్కను పీకి వేరు పట్టిందో లేదో చూడడు. జుట్టు మూన తిరగడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, తేడా అంతే.

వెనక తల జుట్టు ముందుకు వచ్చి ఎలా బతుకుతుంది

మగవాళ్లలో బట్టతలకు ప్రధాన కారణం డీహెచ్‌టీ అనే హార్మోను, దానికి లొంగిపోయేలా పుట్టుకతో వచ్చిన కుదుళ్లు. ఈ లొంగుబాటు తలంతా ఒకేలా ఉండదు. నుదుటి దగ్గర, నడినెత్తి మీద ఉన్న కుదుళ్లు ఏటేటా చిన్నవైపోతూ చివరికి నూగు మాత్రమే మిగులుస్తాయి. చెవుల పైన, వెనక తలలో ఉన్నవి ఆ హార్మోనుకు లొంగవు. అందుకే ఎంత బట్టతల వచ్చినా వెనక గుర్రపు నాడా ఆకారంలో జుట్టు మిగులుతుంది.

ఆ గట్టి కుదుళ్లను తీసి ముందు నాటితే కొత్త చోటి గుణం వస్తుందా, పాత చోటి గుణమే ఉంటుందా అన్నది ఒకప్పుడు పెద్ద ప్రశ్న. జపాన్ డాక్టరు షోజి ఒకుడా 1939లోనే చర్మంతో పాటు వెంట్రుకల్ని మార్చి నాటిన పద్ధతిని ప్రచురించారు గానీ యుద్ధకాలంలో అది బయటి ప్రపంచానికి చేరలేదు. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1952లో బట్టతల మీద ఈ పని చేసి, 1959లో ఫలితాలు ప్రచురించారు. కుదురు ఎక్కడ నాటినా తను పుట్టిన చోటి గుణాన్నే నిలుపుకుంటుందని ఆయన తేల్చారు. ఈ చికిత్స మొత్తం ఆ ఒక్క నిజం మీదే నిలబడి ఉంది.

ఆ రోజుల్లో నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున చర్మాన్ని గుండ్రంగా తీసి నాటేవాళ్లు. జుట్టు మొలిచేది, కానీ బొమ్మల తల మీద గుత్తులు గుత్తులుగా కుట్టినట్టు కనిపించేది. అలా చేయించుకున్నవాళ్ల తల ఎన్నేళ్లయినా మామూలు తలలా అనిపించలేదు. ఇవాళ తీసేది ప్రకృతి కట్టిన చిన్న గుబురును. ఒక్కో గుబురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి. నుదుటి అంచున ఒంటి వెంట్రుక గుబుర్లు, వాటి వెనక రెండు మూడు వెంట్రుకలవి పెడతారు. అంచు గీత గీసినట్టు నేరుగా కాకుండా కాస్త వంకరటింకరగా వస్తుంది. పని చక్కగా చేస్తే చివరికి ఎవరూ పసిగట్టలేకపోవడానికి కారణం ఇదే.

మొదటి పది రోజులు

నాటిన కుదురుకు తొలి రెండు మూడు రోజులు సొంత రక్తనాళాలు ఉండవు. చుట్టూ ఊరే ద్రవంలోంచే ఆక్సిజన్, ఆహారం పీల్చుకుంటుంది. ఆ తర్వాత మెల్లగా కొత్త సన్న నాళాలు అల్లుకుంటాయి. ఈ కొద్ది రోజులే అసలు పెళుసు కాలం. తలగడకు రాసుకున్నా, టీషర్టు విప్పుతూ తలను ఈడ్చినా, గుమ్మానికి కొట్టుకున్నా గ్రాఫ్ట్ ఊడే ప్రమాదం ఉంది. ముందు బొత్తాలున్న చొక్కాలే వేసుకోమని చెప్పేది అందుకే. తలను వీపు కన్నా ఎత్తులో పెట్టి, వెల్లకిలా, వాలు కుర్చీలో పడుకున్నట్టు పడుకోవాలి. మెడ చుట్టూ పెట్టుకునే ప్రయాణాల దిండు ఈ వారంలో బాగా పనికొస్తుంది, నిద్రలో తల పక్కకు తిరగకుండా ఆపుతుంది.

గ్రాఫ్ట్ ఎన్ని రోజులకు నిలదొక్కుకుంటుంది అన్న ప్రశ్నకు అంచనాతో కాకుండా పరీక్షతో జవాబు చెప్పినవాళ్లు అమెరికా డాక్టర్లు రాబర్ట్ బెర్న్‌స్టైన్, విలియం రాస్‌మన్. 2006లో వచ్చిన వాళ్ల పరిశీలనలో నాటిన వెంట్రుకల్ని, పక్కుల్ని రోజుకొకసారి లాగి చూశారు. మొదటి రెండు రోజులు వెంట్రుక లాగితే గ్రాఫ్ట్ ఊడివచ్చింది. ఆరో రోజుకు వెంట్రుక లాగినా గ్రాఫ్ట్ కదల్లేదు. కానీ అంటుకున్న పక్కును లాగితే ఐదో రోజు వరకూ గ్రాఫ్ట్ దానితో వచ్చేసింది. తొమ్మిదో రోజుకు ఆ భయమూ పోయింది. అంటే తొలి వారంలో శత్రువు వెంట్రుకను లాగే చెయ్యి కన్నా ఎక్కువగా పక్కును గోకే గోరు. పక్కు కట్టకుండా మొదటి నుంచీ సెలైన్ స్ప్రే కొడుతూ తడిగా ఉంచమనడంలో, డాక్టరు చెప్పిన రోజు నుంచి మగ్గుతో మెల్లగా నీళ్లు పోసి కడగమనడంలో ఉన్న లెక్క ఇదే. షవర్ ధార నేరుగా తల మీద పడకూడదు. భయంతో అసలు కడగకుండా వదిలేసేవాళ్లూ ఉంటారు. అప్పుడు పక్కులు మందంగా గడ్డకట్టి, మూడో వారానికీ ఊడక, దురద పెట్టి, ఇన్ఫెక్షన్‌కు దారి ఇస్తాయి. అతి జాగ్రత్త కూడా ఇక్కడ నష్టమే చేస్తుంది.

రెండో రోజో మూడో రోజో నుదురు వాస్తుంది. తల మొద్దుబారడానికి, చర్మం ఉబ్బడానికి ఎక్కించిన ద్రవం కిందికి దిగడం వల్ల వచ్చే వాపు అది. నుదుటి నుంచి కనుబొమ్మలకు, అక్కడి నుంచి కనురెప్పలకు జారుతుంది. నాలుగో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్లు సగం మూసుకుపోయి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. మామూలుగా వారంలోపు అదంతట అదే తగ్గిపోతుంది. దీనివల్ల గ్రాఫ్టులకు నష్టం ఏమీ లేదు. నుదుటి మీద, అదీ గ్రాఫ్టులకు తగలకుండా, ఐసు పెట్టుకోవచ్చు. నాటిన చోట మాత్రం ఐసు పెట్టకూడదు.

వెనక తల సంగతి పద్ధతిని బట్టి ఉంటుంది. ఎఫ్‌యూఈలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే గుండ్రటి పంచ్‌తో కుదుళ్లను విడివిడిగా తీస్తారు. ఆ రంధ్రాలు కొద్ది రోజుల్లోనే మూసుకుంటాయి, రెండు మూడు వారాలకు పక్క జుట్టు పెరిగి కప్పేస్తుంది. ఎఫ్‌యూటీలో చర్మాన్ని ఒక పొడవాటి పట్టీలా కోసి తీస్తారు. కుట్లు పదో రోజు నుంచి పధ్నాలుగో రోజు మధ్య విప్పుతారు. మెడ వంచితే కొన్ని వారాలు లాగినట్టుంటుంది, బరువులెత్తే పని నెల దాటేదాకా మానాలి. మొద్దుబారినట్టుండటం రెండింటిలోనూ ఉంటుంది. కొందరికి నెలల పాటు నెత్తి తనది కానట్టు అనిపిస్తుంది. స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. నరాలు మేలుకుంటున్నాయన్నమాట.

ఈ పది రోజుల్లో మన ఇళ్లలో వచ్చే ఇబ్బంది ఒకటుంది, ప్రేమతో వచ్చే ఇబ్బంది. పక్కు కట్టిన తలను చూసి అమ్మ కొబ్బరినూనె గిన్నె పట్టుకొస్తుంది, అమ్మమ్మ పసుపు పెడతానంటుంది. వాళ్ల తప్పేమీ లేదు, తరతరాలుగా పుండుకు, తలకు వాళ్లకు తెలిసిన మందులు అవే. అయితే పచ్చిగా ఉన్న వేల రంధ్రాల మీద ఇంట్లో పసుపు అద్దితే ఇన్ఫెక్షన్ భయం ఉంది, నూనెతో మర్దన చేస్తే గ్రాఫ్టులు కదిలే భయం ఉంది. పక్కులు నానడానికి వారం తర్వాత నూనె రాయమని కొందరు డాక్టర్లే చెబుతారు. కాబట్టి నూనె ఎప్పుడు, ఎంత అన్నది చేసిన డాక్టరునే అడగాలి. ఆపరేషన్‌కు వెళ్లే ముందే ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పి పెట్టుకోవడం మేలు.

ఊడే కాలం

పక్కులు పోయాక, రెండో వారం చివర ఒక తీయటి భ్రమ కలుగుతుంది. నాటిన చోటంతా పొట్టి పొట్టి వెంట్రుకలు నిలబడి ఉంటాయి. ఎర్రదనం తగ్గుతుంది. జుట్టు వచ్చేసినట్టే అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఊడటం మొదలవుతుంది. మూడో వారం నుంచి రెండో నెల చివరిదాకా నాటిన వెంట్రుకల్లో ఎక్కువ భాగం రాలిపోతాయి.

కారణం జుట్టు పెరిగే చక్రంలోనే ఉంది. ప్రతి కుదురూ కొన్నేళ్లు పెరుగుతుంది, రెండు మూడు వారాలు కుంచించుకుంటుంది, తర్వాత సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. విశ్రాంతిలో పాత వెంట్రుక రాలి, ఆ తర్వాత అదే కుదురు నుంచి కొత్తది మొలుస్తుంది. మామూలుగా తల మీదున్న లక్ష కుదుళ్లూ ఎవరి చక్రంలో అవి ఉంటాయి కాబట్టి రోజుకు యాభై, వంద రాలినా కంటికి తెలియదు. ట్రాన్స్‌ప్లాంట్‌లో మాత్రం రెండు మూడు వేల కుదుళ్లను ఒకే రోజు రక్త సరఫరా నుంచి కోసి, కొన్ని గంటలు బయట ఉంచి, కొత్త చోట పెడతారు. ఆ దెబ్బకు అవన్నీ కలిసికట్టుగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అందుకే రాలడమూ గుంపుగానే రాలతాయి, మూడు నెలల లెక్క కూడా అన్నిటికీ ఒకేసారి మొదలవుతుంది. మూడో నెల చివర, నాలుగో నెలలో మొలకలు రావడం ఈ లెక్క ప్రకారమే. కొన్ని వెంట్రుకలు రాలకుండా అలాగే పెరుగుతాయి కూడా. రాలకపోవడం గొప్పా కాదు, రాలడం లోపమూ కాదు.

దీనికన్నా ఎక్కువ భయపెట్టేది పాత జుట్టు రాలడం. నాటిన చోట చుట్టూ అంతకుముందే ఉన్న వెంట్రుకలు, ఒక్కోసారి వెనక తలలో తీసిన చోటి చుట్టూ ఉన్నవి కూడా ఆ దెబ్బకు రాలతాయి. దీన్నే డాక్టర్లు షాక్ లాస్ అంటారు. ఉన్నదీ పోయిందని గుండె బాదుకునే సందర్భం ఇదే. ఆరోగ్యంగా ఉన్న కుదుళ్ల నుంచి ఆ జుట్టు మళ్లీ కొన్ని నెలల్లో వస్తుంది. అప్పటికే బాగా సన్నబడి, ఇవాళో రేపో పోయేలా ఉన్నవి మాత్రం తిరిగి రాకపోవచ్చు. జుట్టు పలచబడింది గానీ ఇంకా ఉంది అన్న దశలో, ముఖ్యంగా ఇరవై ఏళ్లు దాటీ దాటగానే, తొందరపడి చేయించుకునేవాళ్లకు ఈ నష్టం ఎక్కువ తగులుతుంది. అలాంటివాళ్లకు ముందు మందులతో ఏడాది ఆగి చూడమని చెప్పే డాక్టరు, ఆదాయం వదులుకుని మరీ మంచి మాట చెబుతున్నాడని అర్థం.

రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య నాటిన చోట చిన్న చిన్న మొటిమలు రావచ్చు. కొత్త వెంట్రుక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చేటప్పుడు అలా అవుతుంది. ఒకటి రెండైతే గోరువెచ్చని తడి గుడ్డ కాపడం చాలు. గుంపుగా వచ్చి చీము పడితే డాక్టరు చూడాలి. గిల్లకూడదు.

సెంటీమీటర్ల లెక్క

నాలుగో నెలలో మొలక వచ్చిందన్న మాట విని అప్పటికి తల నిండుతుందని ఆశపడితే నిరాశే. వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నాలుగో నెల మొదట్లో మొలిచినది ఆరో నెల చివరికి మూడు సెంటీమీటర్లు కూడా దాటదు. పైగా అన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని మూడో నెలలో, కొన్ని ఆరో నెలలో, కొన్ని ఎనిమిదో నెలలో నిద్ర లేస్తాయి. ఎడమ పక్క గుబురుగా, కుడి పక్క ఖాళీగా ఉండటం ఐదో నెలలో చాలా మామూలు. వచ్చిన తొలి వెంట్రుకలు నూగులా సన్నగా, రంగు తక్కువగా, కొన్నిసార్లు తీగలా వంకరగా ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ ముదిరి, నిటారుగా సర్దుకుంటాయి. ఆరో నెలకు ఫలితంలో సుమారు సగం కనిపిస్తుంది. తొమ్మిదో నెలకు కొత్తవాళ్లెవరైనా చూస్తే మామూలు తలే అనుకుంటారు. ఏడాదికి దాదాపు పూర్తవుతుంది. నడినెత్తి సుడి దగ్గర మాత్రం ఇంకా ఆలస్యం.

నిండుగా కనిపించడానికి తల నిజంగా నిండాల్సిన పని లేదన్నది ఈ చికిత్సలో అతి ముఖ్యమైన విషయం. పుట్టుకతో చదరపు సెంటీమీటరుకు సుమారు 60 నుంచి 90 గుబుర్లుంటాయి. నాటేది 30 నుంచి 45 మధ్య. అయినా చాలడానికి కారణం కన్ను. జుట్టు సగందాకా తగ్గే వరకూ మన కన్ను పలచదనాన్ని పెద్దగా పట్టుకోదు. వెంట్రుక మందంగా, కాస్త వంపు తిరిగి ఉంటే ఇంకా తక్కువ వాటితోనే నిండుదనం వస్తుంది. నల్లటి సన్నని జుట్టు, తెల్లని చర్మం ఉన్నవాళ్లకు మాడు తళుక్కుమంటుంది కాబట్టి ఎక్కువ కావాలి. తడి జుట్టులో, లిఫ్టులో నడినెత్తి మీద పడే లైటు కింద, ఏ ట్రాన్స్‌ప్లాంట్ అయినా పలచగానే కనిపిస్తుంది. రోజూ ఆ లైటు కింద చూసుకుని బాధపడేకన్నా నెలకొకసారి అదే గదిలో, అదే వెలుతురులో, పొడి తలతో, అదే కోణంలో ఒక ఫోటో తీసి దాచుకోవడం మేలు. ముందు నెల ఫోటో పక్కన పెడితే తప్ప మార్పు కంటికి ఆనదు.

నలుగురి ముందుకు వెళ్లడం

మన దగ్గర గుండు వింత కాదు. ఎఫ్‌యూఈ కోసం తల నున్నగా చేయించుకున్న కుర్రాడు మూడో వారంలో ఆఫీసుకెళ్తే "ఏంటి బ్రో, తిరుపతా?" అంటారు. పక్కింటి పిన్నిగారు "ఏం బాబూ, మొక్కు తీర్చుకున్నావా? ప్రసాదం ఏదీ?" అని అడుగుతుంది. వేరే దేశంలో అయితే అంత పెద్ద మార్పును దాచుకోవడానికి టోపీ తప్ప దారి లేదు. తిరుమల కల్యాణకట్ట పుణ్యమా అని తెలుగువాడికి ఆ ప్రశ్న అసలు కష్టంగానే ఉండదు. కాకపోతే ఇది మూడో వారం మాట. తొలి పది రోజుల్లో నుదుటి పైన వేల ఎర్ర చుక్కలు, పక్కులు, వాపు కళ్లు ఉంటే ఎవరూ తిరుపతి అనుకోరు. ఇంటి నుంచి పని చేసుకునే వీలున్నవాళ్లు పది రోజులు, నలుగురితో మసలే ఉద్యోగులు రెండు నుంచి మూడు వారాలు సెలవు లెక్క వేసుకోవడం మంచిది. తెల్లటి చర్మంలో ఎర్రదనం నెలల తరబడి ఉండొచ్చు. చామనఛాయ చర్మంలో ఎర్రదనం అంతగా కనిపించదు గానీ ఎండ తగిలితే ఆ చోటు నల్లబడి మచ్చలా మిగలొచ్చు. మన మే నెల ఎండకు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. డాక్టరు ఒప్పుకున్నాక వదులైన టోపీ పెట్టుకోవచ్చు, గొడుగు మొదటి రోజు నుంచే పట్టుకోవచ్చు.

హెల్మెట్ వేరే సంగతి. దాని లోపలి మెత్త సరిగ్గా నుదుటి అంచునే, అంటే గ్రాఫ్టులు పెట్టిన చోటే, ఒరుసుకుంటుంది. తీసేటప్పుడు ఈడుస్తుంది. డాక్టరు సరే అనేదాకా, తక్కువలో తక్కువ రెండు మూడు వారాలు, బండి పక్కన పెట్టి బస్సో మెట్రోనో ఆటోనో ఎక్కాలి. గ్రాఫ్టుల కోసం హెల్మెట్ లేకుండా బండి నడపడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు తేదీ చూసుకోవాలి. దీక్షలో రెండు పూటలా చన్నీళ్ల తలస్నానం ఉంటుంది, చివర ఇరుముడి నెత్తిన పెట్టుకుని నడవాలి. సరిగ్గా నడినెత్తి మీద బరువు, రాపిడి, చెమట. ఆపరేషన్ కార్తీకంలో పెట్టుకుని అదే ఏడాది మాల వేసుకోవాలనుకుంటే రెండిట్లో ఒకటి దెబ్బతింటుంది. ఈత కొలనుకు, జిమ్‌లో బరువులకు కూడా నెల రోజులు విరామం తప్పదు. సిగరెట్ రక్తనాళాల్ని కుదిస్తుంది. కొత్త నాళాల కోసం కుదుళ్లు ఎదురుచూసే వారాల్లో అది బాగా చెరుపు చేస్తుంది.

ఇక పెళ్లి. మగపిల్లల్లో చాలామంది ఈ ఆలోచన చేసేది పెళ్లిచూపుల ముందే. ఫిబ్రవరిలో ముహూర్తం పెట్టుకుని నవంబరులో క్లినిక్‌కు వెళ్లేవాళ్లున్నారు. మూడు నెలలంటే ఊడిపోయే కాలం ముగిసే వేళ. పెళ్లి ఫోటోల్లో ఆ అబ్బాయి తన పాత రూపం కన్నా పలచగా కనిపిస్తాడు, ఆ ఆల్బమ్ జీవితాంతం ఉంటుంది. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టి పది నెలలు, వీలైతే ఏడాది ముందు చేయించుకోవాలి. అంత సమయం లేకపోతే పెళ్లి అయ్యాక చేయించుకోవడమే నయం. పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పుకుంటే మనసుకు బరువుండదు, నాలుగో నెల మొలకలు చూసి సంతోషించడానికి తోడు కూడా దొరుకుతుంది.

అమెరికా నుంచి మూడు నాలుగు వారాల సెలవు మీద వచ్చి ఇక్కడ చేయించుకుని వెళ్లేవాళ్లకు ఆ సెలవు చర్మం మానడానికి సరిపోతుంది. దిగిన మర్నాడే చేయించుకుంటే పక్కులు పోయి, కుట్లు విప్పించుకుని విమానం ఎక్కొచ్చు. సెలవు చివరి వారంలో పెట్టుకుంటే వాపు కళ్లతో, ఎత్తుగా పడుకునే వీలు లేని ఇరుకు సీట్లో ఇరవై గంటల ప్రయాణం చేయాల్సి వస్తుంది. ఊడే కాలం, మొటిమల కాలం ఎలాగూ అక్కడే గడుస్తుంది కాబట్టి వీడియోలో పలికే డాక్టరు ఉన్నాడో లేదో ముందే తేల్చుకోవాలి.

మళ్లీ గుండు చేయించుకోవాల్సి వస్తే

ఈ ప్రశ్న బయటి దేశాల పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. మనకు మాత్రం ముఖ్యం. తిరుమల మొక్కు ఉంటుంది. ఇంట్లో తల్లో తండ్రో పోతే కొడుకు తల తీయించుకోవడం చాలా కుటుంబాల్లో ఆచారం. నాటిన జుట్టుకు గుండు వల్ల హాని లేదు. కత్తి చర్మం పైనే తిరుగుతుంది, కుదురు లోపల ఉంటుంది. తొలి నెలల్లో మాత్రం చర్మం పూర్తిగా గట్టిపడే దాకా కత్తి వాడకపోవడం మంచిది. అవసరం పడితే డాక్టరును అడిగి మెషిన్‌తో సరిపెట్టుకోవాలి.

అసలు చిక్కు మచ్చతో. ఎఫ్‌యూటీ చేయించుకుంటే వెనక తలలో ఈ చెవి నుంచి ఆ చెవి దాకా సన్నని గీత మిగులుతుంది. జుట్టు ఒకటి రెండు సెంటీమీటర్లున్నా అది కనిపించదు. గుండు చేయిస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఎఫ్‌యూఈలో గీత ఉండదు, చిన్న చిన్న తెల్లని చుక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిని దగ్గరి నుంచి చూస్తేనే పోల్చుకోగలరు. మచ్చ లేని పద్ధతి అంటూ ఎవరైనా చెబితే అది నిజం కాదు. జీవితంలో మళ్లీ తల ఇచ్చే సందర్భం వస్తుందని తెలిసినవాళ్లు పద్ధతి ఎంచుకునే ముందే ఈ మాట డాక్టరుతో అనాలి. ఎఫ్‌యూటీ ఒకే విడతలో ఎక్కువ కుదుళ్లు ఇవ్వగలదు, కొందరికి అదే సరైనది కూడా. కానీ నిర్ణయం ఈ సంగతి తెలిసి జరగాలి.

చెయ్యి ఎవరిది

పైన చెప్పిన నెలల లెక్కంతా పని సరిగ్గా జరిగితేనే. కుదుళ్లు ఆరిపోతే, లోతు తప్పితే, పక్కపక్కనే కిక్కిరిసేలా నాటి రక్తం అందకుండా చేస్తే ఏడాది ఎదురుచూసినా మొలవవు. ఇదీ శస్త్రచికిత్సే. లోకల్ అనస్థీషియా మోతాదు మించితే, మందు పడకపోతే ప్రాణం మీదికి రావచ్చు. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన శస్త్రచికిత్స శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టరే దీన్ని చేయాలని, వర్క్‌షాపుల్లో చూసో యూట్యూబ్‌లో చూసో నేర్చుకున్నది చాలదని అందులో ఉంది. కన్సల్టేషన్‌లో మాట్లాడింది ఎవరు, రంధ్రాలు పెట్టేది ఎవరు, కుదుళ్లు తీసేది ఎవరు అని ముగ్గురి సంగతీ అడగడం పేషెంటు హక్కు. కౌన్సెలర్ చెప్పే గ్రాఫ్టుల సంఖ్య కన్నా ఈ జవాబు విలువైనది.

కోలుకునే రోజుల్లో ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, చీము, దుర్వాసన, ఒత్తినా ఆగని రక్తం, నాటిన చోట చర్మం నల్లగా మారడం. చివరిది మరీ ప్రమాదకరం, అక్కడి చర్మానికి రక్తం అందడం లేదని అర్థం. వాపుకు, దురదకు, రాలడానికి ఓపిక పట్టాలి. వీటికి ఓపిక పట్టకూడదు, అదే రోజు వెళ్లాలి.

నాటినది ఉంటుంది, నాటనిది?

ఏడాది గడిచి, తల నిండి, అంతా మామూలైపోయాక ఒక విషయం మరుగున పడిపోతుంది. నాటిన కుదుళ్లు నిలుస్తాయి గానీ వాటి మధ్యా వెనకా ఉన్న పాత జుట్టు తన దారిన తను పలచబడుతూనే ఉంటుంది. మందులేవీ లేకపోతే ఏడెనిమిదేళ్లకు ముందు వరసలో దట్టంగా ఒక దీవి, దాని వెనక ఖాళీ మైదానం మిగలొచ్చు. అందుకే జుట్టు రాలడాన్ని నెమ్మదింపజేసే మందులు మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ గురించిన మాట ఆపరేషన్‌తో ముగియదు. అమెరికాలో మినాక్సిడిల్‌కు 1988లో, మగవారి బట్టతలకు రోజుకు 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్‌కు 1997లో అనుమతి వచ్చింది. వాడినన్నాళ్లే పని చేస్తాయి, మానేస్తే నిలుపుకున్నది కొన్ని నెలల్లో జారిపోతుంది. ఫినాస్టెరైడ్ వల్ల కొద్దిమందికి లైంగిక సమస్యలు వస్తాయి, కాబట్టి డాక్టరుతో ఆ మాట మొహమాటం లేకుండా మాట్లాడుకున్నాకే మొదలుపెట్టాలి. గర్భం దాల్చే వయసు ఆడవాళ్లకు అది పనికిరాదు. సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని తలలోకి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్లకు ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయి. ప్యాకేజీలో కలిపి అమ్మినంత మాత్రాన తప్పనిసరి అనుకోనక్కర్లేదు.

వెనక తలలో ఉన్నది తరిగే నిల్వ. ఒకసారి తీసిన కుదురు చోట మళ్లీ కుదురు పుట్టదు. ఇరవై ఐదేళ్ల వయసులో నుదురు మరీ కిందికి దింపించుకుని ఆ నిల్వంతా ఖర్చు పెడితే, నలభైలో నడినెత్తి ఖాళీ అయినప్పుడు తీయడానికి ఏమీ ఉండదు. కాస్త ఎత్తుగా, వయసుకు తగ్గట్టు గీసిన అంచు ఇవాళ కొంచెం వెలితిగా అనిపించినా యాభై ఏళ్లకూ నప్పుతుంది.

ఏడాది తర్వాత సెలూన్‌లో కూర్చున్నప్పుడు ముందు జుట్టు కత్తిరించే అతనికి ఏమీ తెలియదు, మిగతా జుట్టులాగే కత్తెరకు తెగుతుంది. వెనక మాత్రం జీరో మెషిన్ పెడితే చుక్కలు బయటపడతాయి. అక్కడ రెండో నంబరో మూడో నంబరో గార్డు పెట్టమని చెబితే సరిపోతుంది.